మా నేల మీద బోర్డు

హైవే పక్కన మా ఊరి పేరుతో ఒక గోధుమరంగు బోర్డు ఉంది. దాని మీద మా తమ్ముడి నూనె గానుగ బొమ్మ ఉంటుంది. ఆ బోర్డు చూసినవాళ్లెవరూ మా ఊరు రాలేరు. ఎందుకు రాలేరో చెప్పాలంటే మా ఊరివాళ్ల పొగరు గురించి చెప్పాలి. అది చెప్పేటప్పుడు నాకు నోరు అదుపులో ఉండదు, ముందే చెబుతున్నాను.

మా ఊరు మొంబ్రాక్. చర్చి ఎదురుగా ఉన్న కేఫ్ నాది. నా పేరు జెర్మేన్. రొట్టెలు కూడా నేనే అమ్ముతాను కాబట్టి ఊళ్లో నాకు తెలియని సంగతి ఉండదు. నా తమ్ముడు ఆన్సెల్మ్ వాగు ఒడ్డున అక్రోటు నూనె గానుగ నడిపేవాడు. మా తాత కట్టిన గానుగ అది. వాగునీళ్లకు చక్రం తిరుగుతుంది, చక్రంతో పాటు నిలువెత్తు రాయి ఒకటి రాతి తొట్టిలో తిరుగుతూ పప్పును మెత్తగా నలుపుతుంది. ఆ ముద్దను కట్టెల పొయ్యి మీద వేయించి, గుడ్డలో చుట్టి పిండుతాడు. నూనె తీసే రోజున చర్చిలో పూజకు కూర్చున్నవాళ్లకు కూడా ఆ వాసనకు ఆకలేసేది.

ఒకప్పుడు చలికాలమంతా ఊరిజనం అక్రోట్లు పగలగొట్టి పప్పు సంచులతో వాడి గుమ్మం ముందు నిలబడేవాళ్లు. తరవాత పట్నంలో సహకార సంఘం ఫ్యాక్టరీ వచ్చింది. కాయలు కాయలుగానే లారీలో పోసుకుపోతారు, పగలగొట్టే పని ఉండదు. ఇంకెవడు వస్తాడు ఆన్సెల్మ్ దగ్గరికి? గానుగ నెలలో సగం రోజులు ఊరికే పడి ఉండేది. వాడికి పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఆ రాయి ఆగిపోతే వాడేమైపోతాడోనని నాకు లోపల బెంగగా ఉండేది.

అలాంటి రోజుల్లో హైవే వచ్చింది. హైవే దిగే దారి, అదే ఎగ్జిట్, మాత్రం కొర్సాక్ వాళ్లకు పడింది. కొర్సాక్ అంటే మా పక్క ఊరు. మా బడి అక్కడికే పోయింది, పోస్టాఫీసు అక్కడికే పోయింది, చివరికి మా చర్చి ఫాదర్ కూడా అక్కడే మకాం పెట్టాడు. ఆ వచ్చిన ఎగ్జిట్ కూడా సగం ఎగ్జిటే, దక్షిణం నుంచి వచ్చే కార్లకే. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు కొర్సాక్‌ను కూడా పట్టించుకోకుండా సముద్రం వైపు పోతారు. ఆ ఒక్క విషయంలో మాకు కాస్త తృప్తిగా ఉండేది.

హైవే కంపెనీ నుంచి మేడమ్ విల్నియె అని ఒకావిడ వచ్చింది. దారి పొడుగునా ఊళ్ల గొప్పలు బొమ్మలుగా వేసి బోర్డులు పెడతారట. మీ ఊరికేముంది అని అడిగితే, అందరూ ఒక్కమాటగా గానుగ పేరే చెప్పారు. ఆన్సెల్మ్ ఆ రోజు నా కేఫ్‌కు వచ్చి కుర్చీలో కూర్చోలేక అటూ ఇటూ తిరిగాడు.

"అక్కా, ఎండాకాలంలో ఆ రోడ్డు మీద ఎన్ని కార్లు పోతాయో తెలుసా నీకు? వాటిలో పిడికెడు మంది దిగినా చాలు. గానుగ నడుస్తుంది."

"దిగకపోతే?"

"ఈ ఎండాకాలం చూస్తాను. దిగకపోతే ఆపేస్తాను. ఇంక నావల్ల కాదు."

మేడమ్ విల్నియె కౌన్సిల్ మీటింగులో మ్యాపు పరిచింది. నేను గోడ పక్కన జనం కూర్చునే బెంచీ మీద ఉన్నాను. మేయరు రుమెగూ కళ్లజోడు సవరించుకున్నాడు. బాతులు పెంచి బాగుపడ్డవాడు, ఆన్సెల్మ్‌తో కలిసి చదువుకున్నవాడు.

"బోర్డు ఇక్కడ పెడదాం," అందావిడ వేలు పెట్టి చూపిస్తూ. "ఎగ్జిట్‌కు ముందు. చూసి, ఆలోచించుకుని దిగడానికి టైముంటుంది."

"ఇది ఎవరి నేలండీ?"

"కొర్సాక్ వాళ్లది. అయితే ఏమైంది? బోర్డు మీద మీ పేరే ఉంటుంది కదా."

"ఏమిటీ? మా గానుగ వెళ్లి కొర్సాక్ నేల మీద నిలబడాలా?" రుమెగూ మొహం ఎర్రబడింది. "రేపట్నుంచి గానుగ మాదే అంటారు మేడమ్. వాళ్ల సంగతి మీకు తెలీదు. మా చర్చి గంట ఎత్తుకుపోయిన జాతి అది!"

ఆ గంట సంగతి మా ముత్తాతల ముత్తాతల నాటిది. వాళ్లు ఎత్తుకుపోయారో మేమే అమ్ముకున్నామో చెప్పేవాడు ఎవడూ బతికి లేడు. అయినా బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి.

"మీ నేల ఎగ్జిట్ దాటాక మొదలవుతుంది," అందావిడ ఓపిగ్గా. "బోర్డు చదివేసరికి కార్లు ఎగ్జిట్ దాటేసి ఉంటాయి."

"కావాలనుకున్నవాడు వెనక్కి తిరిగొస్తాడు."

"హైవే మీద వెనక్కి తిరగడం ఉండదండీ. తరవాతి ఎగ్జిట్ దాకా పోయి, టోల్ కట్టి, పల్లె రోడ్లన్నీ పట్టుకుని రావాలి."

"మంచి నూనె కోసం ఆ మాత్రం రారా?"

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. "ఒరే రుమెగూ, బాతులకు మేత కుక్కడం తప్ప నీకేం తెలుసురా? కొట్టు దాటిపోయాక బోర్డు పెట్టే కొట్టువాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"జెర్మేన్, ఆ బెంచీ కూర్చోడానికి. అరవడానికి కాదు."

అందరూ నవ్వారు. అప్పుడు ఆన్సెల్మ్ నా వైపు తిరిగాడు. వాడూ కౌన్సిల్ సభ్యుడే. "అక్కా, కూర్చో. నా పరువు తీయకు."

బోర్డు మా నేల మీదే ఉండాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. బల్ల చుట్టూ అన్ని చేతులూ లేచాయి. నా తమ్ముడి చెయ్యి అందరికంటే పైకి లేచింది. మేడమ్ విల్నియె మ్యాపు మడుచుకుంటూ వాడి వైపు ఒక చూపు చూసింది. జాలిపడిందనుకుంటాను.

బయటికొచ్చాక వాణ్ణి దులిపేశాను. "నీ పొట్ట నువ్వే కొట్టుకున్నావు కదరా!"

"నాన్న ఉంటే కొర్సాక్ నేల మీద ఉమ్మి కూడా వేసేవాడు కాదు," అన్నాడు. "ఆయన గానుగను తీసుకుపోయి వాళ్ల పొలంలో నిలబెట్టమంటావా?"

మా నాన్న నిజంగానే అలాంటివాడు.

చిత్రకారుడొకడు వచ్చి గానుగలో కూర్చుని బొమ్మ వేసుకుపోయాడు. రాయి, దాని పక్కన టోపీ పెట్టుకుని వంగి ముద్ద కలుపుతున్న మనిషి. మొహం కనపడదు, వీపే కనపడుతుంది. అయినా ఊళ్లో ఎవరిని అడిగినా ఆన్సెల్మ్ అనే చెబుతారు. బోర్డు నిలబెట్టిన రోజున హైవే మీద ఆగనివ్వరు కాబట్టి పొలాలకు పోయే వంతెన మీద పండగ చేసుకున్నాం. రుమెగూ మేయర్లు వేసుకునే మూడురంగుల పట్టీ భుజానికి వేసుకుని ప్రసంగించాడు. కింద పోతున్న లారీల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. వైన్ తాగాం, ఆన్సెల్మ్ నూనెతో కలిపిన సలాడ్ తిన్నాం, కార్లకు చేతులూపాం. ఒక లారీవాడు హారన్ కొడితే ఊరు ఊరంతా కేక పెట్టింది. ఆన్సెల్మ్ కళ్లు తుడుచుకున్నాడు.

తరవాత వాడు గానుగ ముందున్న రేగుపండ్ల చెట్లు కొట్టించి కార్లు నిలపడానికి చోటు చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. జూన్ పోయింది, జూలై కూడా పోయింది. వచ్చిన కార్లలో సగం పోస్టుమనిషివి, సగం దారి తప్పినవాళ్లవి. సాయంత్రం కేఫ్‌కు వచ్చి కూర్చుంటే, ఎవరైనా వచ్చారా అని అడగడం మానేశాను. అడిగితే వాడు అబద్ధమాడాల్సి వస్తుంది.

ఆగస్టులో, సముద్రం నుంచి ఇంటికి తిరిగిపోతున్న ఒక బెల్జియం కారు వచ్చింది. మొగుడూ పెళ్లాం దిగడం దిగడమే పోట్లాడుకుంటూ దిగారు. ఆన్సెల్మ్ పరుగెత్తుకుపోయి పొయ్యి వెలిగించాడు. దాచుకున్న పప్పు పోసి, వాగు నీళ్లు వదిలి, వాళ్లిద్దరి కోసం రాయి తిప్పాడు. నేను రొట్టె తీసుకుపోయి వేడి నూనెలో ముంచి తినిపించాను. ఆవిడ వేళ్లు నాకేసింది. పోయేటప్పుడు ఆయన అన్నాడు:

"ఏమనుకోకండి గానీ, మీ బోర్డు తప్పు చోట పెట్టారు. దిగాల్సిన దారి పోయాక కనపడింది. మా ఆవిడ పట్టుబట్టింది కాబట్టి గంటకు పైగా చుట్టూ తిరిగొచ్చాం. ఇంకెవడూ రాడండీ. ఇంత తెలివితక్కువ పని ఎవరు చేశారు?"

ఆన్సెల్మ్ వంగి పొయ్యిలో నిప్పు ఆర్పాడు. నేను నోరు అదుపులో పెట్టుకున్నాను, జీవితంలో మొదటిసారి.

ఆ వారమే వాడు కౌన్సిల్లో బోర్డు జరపమని అడిగాడు. కొర్సాక్ మేయరు ఒప్పుకుంటాడట, అయితే కింద చిన్న అక్షరాల్లో వాళ్ల ఊరి పేరు కూడా వేయాలట. రుమెగూ బల్ల గుద్దాడు. "చచ్చినా వేయం!" మళ్లీ చేతులెత్తమన్నారు. జరపాలని లేచింది ఒక్క నా తమ్ముడి చెయ్యే. బెంచీ మీద నుంచి నాకది బాగా కనపడింది. లేచిన ఆ చెయ్యి ఎవరూ చూడకముందే మెల్లగా కిందికి దిగిపోయింది.

సెప్టెంబరులో ఆన్సెల్మ్ చక్రానికి వాగునీళ్లొచ్చే తలుపు మూసేశాడు. చక్రం ఆగింది. మరుసటి నెల నుంచి పట్నం ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, కదిలే పట్టా మీద పుచ్చుపప్పు ఏరే పని. ఇంటికొచ్చినప్పుడు వాడి బట్టల్లో ప్లాస్టిక్ వాసన వచ్చేది.

వసంతం వచ్చేసరికి కొర్సాక్ వాళ్లు ఎగ్జిట్ దగ్గర కార్లు చుట్టూ తిరిగిపోయే సర్కిల్ కట్టారు. మా దేశంలో సర్కిల్ కట్టాక దాని నడుమ ఏదో ఒకటి పెట్టకపోతే మేయరుకు నిద్రపట్టదు. ద్రాక్షబండి పెడతాడు, నాగలి పెడతాడు, లేకపోతే కాంక్రీటు బాతు పెడతాడు. కొర్సాక్ మేయరు స్వయంగా ఆన్సెల్మ్ ఇంటికొచ్చి గానుగ రాయి అమ్ముతావా అని అడిగాడు.

"డబ్బొద్దు," అన్నాడు నా తమ్ముడు. "క్రేను మీరే తెచ్చుకోండి."

క్రేను వచ్చిన రోజున రుమెగూ గేటుకు అడ్డం నిలబడి గంతులేశాడు. "ద్రోహీ! మీ తాత రాయిరా అది! కొర్సాక్ వాళ్లకిస్తావా?"

"మన నేల మీద బోర్డు ఉంది కదా రుమెగూ," అన్నాడు ఆన్సెల్మ్. "ఇంకేం కావాలి నీకు?"

ఆ రాయి ఇప్పుడు సర్కిల్ నడుమ పచ్చగడ్డిలో నిలబడి ఉంది, చుట్టూ ఊదారంగు పూలు వేశారు. ఎగ్జిట్ దిగినవాళ్లు కారాపి ఫోటోలు తీసుకుంటారు. కింద పలక మీద కొర్సాక్ పేరే ఉంది. రుమెగూ భయపడ్డదంతా జరిగింది, అదీ వాడి చేతుల మీదుగానే.

కొన్నేళ్లు పోయాక, మొన్నామధ్య రుమెగూ నా కేఫ్‌కు వచ్చాడు. ఆన్సెల్మ్ మూలన కూర్చుని సూప్ తాగుతున్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకుని చాలాకాలమైంది.

"బోర్డు ఎండకు వెలిసిపోయింది," అన్నాడు రుమెగూ, ఎవరితోనూ కాదన్నట్టు. "కంపెనీవాళ్లు కొత్తగా వేయిస్తారట. చిత్రకారుడు మళ్లీ వస్తాడు. ఆన్సెల్మ్, నువ్వొచ్చి కాసేపు వంగి నిలబడాలి."

"రాయి లేదు కదా."

"అదెక్కడో ఒకచోట చూసుకుంటాడులే."

"ఎక్కడో ఒకచోట కాదు," అన్నాడు ఆన్సెల్మ్. "ఎగ్జిట్ దగ్గర ఉంది. మేడమ్ విల్నియె వేలు పెట్టి చూపించిన చోటుకు కాస్త అవతల."

రుమెగూ తల దించుకున్నాడు. "ఊరి పరువురా. ఒక్క గంట."

ఆన్సెల్మ్ సూప్ ఆఖరి చుక్కదాకా తాగాడు. లేచి, టోపీ తీసి రుమెగూ నెత్తిన పెట్టాడు. కిందికి లాగి చెవుల దాకా సర్దాడు.

"నువ్వే వంగు," అన్నాడు. "అంత వేగంలో ఎవరి వీపైతే ఏం?"

రుమెగూ నిజంగానే పోయి వంగాడు! కొత్త బోర్డు మీదున్నది వాడి వీపే, రాయి సర్కిల్లో చూసి వేసింది. నేను వంతెన మీద నిలబడి చూశాను. కార్లు దాన్ని చదువుకుంటూ పోతున్నాయి. నాకు కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

ఆన్సెల్మ్ ఫ్యాక్టరీకి పోవాలంటే కొర్సాక్ సర్కిల్ మీదుగానే పోవాలి. ఒకప్పుడు రాయి తిరిగేది, వాడు పక్కన నిలబడి ఉండేవాడు. ఇప్పుడు రాయి నిలబడి ఉంది, వాడే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి దాని చుట్టూ తిరుగుతున్నాడు.