గాలి సరిచేసిన మర్నాడు

మధ్యాహ్నం రెండున్నరకు పరిశీలకురాలు రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో తప్పు రాసింది. "తూర్పు గాలి, గంటకు ఇరవై ఆరు కిలోమీటర్లు." తరువాత పెన్ను మూత పెట్టి, అదే సమాచారం ప్రధాన కార్యాలయానికి పంపింది.

ఆ వాతావరణ కేంద్రంలో ఆమెది పద్నాలుగేళ్ళ అనుభవం. గదిలో ఒక బారోమీటరు, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు ఒక గుండ్రటి డయలు ఉండేవి. మేడ మీద గాలి దిక్కు చూపే గాలిమర ఎటు తిరిగితే డయల్లో ముల్లు అటు తిరుగుతుంది. అంటే, తిరగాలి. పదకొండేళ్ళ కిందట మేడకు సిమెంటు పూత వేసినవాళ్ళు గాలిమర స్తంభాన్ని పీకి, పని అయ్యాక మళ్ళీ పాతారు. పావు చుట్టు తేడాతో పాతారు. అప్పటి నుంచి తూర్పు గాలి వీస్తే ముల్లు ఉత్తరం చూపించేది.

బాగుచేయించమని పదిహేడు ఉత్తరాలు వెళ్ళాయి. ఈలోగా పని ఆగకూడదు కాబట్టి సిబ్బంది ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముల్లు ఏం చూపిస్తే దానికి పావు చుట్టు కలిపి రాయాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు టాయిలెట్ తాళం ఎక్కడుంటుందో చెప్పేవారు, రెండో మాటగా ఇది చెప్పేవారు. ఇప్పుడు ఎవరూ ఆలోచించి కలపడం లేదు. ముల్లు ఉత్తరం మీద ఉంటే కంటికి తూర్పే కనబడేది.

రెండూ నలభైకి ఫోను మోగింది. మరిది. ఎదురుగా ఉన్న ద్వీపానికి మూడు గంటలకు వెళ్ళే ఫెర్రీకి అతనే కెప్టెన్.

"వదినా, గాలి కబుర్లేంటి?"

"జీతం తీసుకుని చెప్పే గాలి కబుర్లు మావి. నువ్వు ఊరికే అడుగుతావు."

"చెబుదూ. ఇవాళ జనం కిటకిటలాడుతున్నారు. డెక్ మీద మేకలు కూడా ఉన్నాయి."

"అల్పపీడనం దక్షిణాన ఉంది. ఇంకా దూరం జరుగుతోంది. మనకి తూర్పు గాలి, అంతే. హాయిగా వెళ్ళిరా."

"నీ మాటే నాకు జెండా," అని అతను ఫోను పెట్టేశాడు.

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. ఆ వారం సముద్రం మీద జరిగిందంతా ఆమె కాగితాల మీద ఉంది. ఎండాకాలం చివర్లో సముద్రం పైనీరు స్నానానికి తోడిపెట్టినట్టు గోరువెచ్చగా ఉంటుంది. తూర్పు నుంచి సాఫీగా వచ్చే గాలిలో ఎక్కడో ఒక వంపు పడుతుంది. ఆ వంపు దగ్గర గాలి పోగై పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది, వాన పడుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే వేడి, ఆ గాలిని ఇంకా పైకి తోస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. తగ్గినచోటికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొస్తుంది, భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేక పక్కకు తిరిగి సుడి కడుతుంది. ఇలాంటివి పది పుడితే చాలావరకు ఎటూ కాకుండా చెదిరిపోతాయి. ఒకటో రెండో వాయుగుండాలవుతాయి. ఏది అవుతుందో ముందే తెలిస్తే ఈ ఆఫీసే అక్కర్లేదు.

ఇప్పటిది మూడు రోజుల కిందట పుట్టింది. ఉపగ్రహ చిత్రంలో దక్షిణాన తెల్లటి మబ్బుముద్ద స్పష్టంగా ఉంది. ప్రధాన కార్యాలయం సుడి కేంద్రాన్ని ఆ ముద్ద నడిమధ్య గుర్తించింది. గాలికి వీపు పెట్టి నిలబడితే ఈ వైపు సముద్రాల్లో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. తూర్పు గాలికి వీపు పెడితే ఎడమచెయ్యి దక్షిణం చూపిస్తుంది. చిత్రం, గాలి ఒకటే మాట చెబుతున్నాయి. ఇంకేం కావాలి?

రెండూ యాభై రెండుకు మెకానిక్కు లోపలికి వచ్చాడు. ఏ యంత్రం పాడైనా ముందు ఒక స్క్రూ విప్పి జేబులో వేసుకుంటాడు కాబట్టి అందరూ అతన్ని స్క్రూ అనేవారు. చేతిలో ఒక ఫారం ఉంది.

"మేడమ్, సంతకం పెట్టండి. గాలి సరిచేశాను."

"ఏం సరిచేశావు?"

"గాలిమర. పదకొండేళ్ళ ఫైలు. నిన్న సాయంత్రం స్తంభం విప్పి తిన్నగా బిగించా. మీరు సెలవులో ఉన్నారు."

ఆమె ఫారం వైపు చూసింది, తరువాత డయలు వైపు. ముల్లు ఉత్తరం మీద ఉంది.

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పడానికేగా ఈ ఫారం."

"పొద్దున డ్యూటీవాళ్ళకి?"

"వాళ్ళు పని అయిందని సంతకం పెట్టే హోదాలో లేరు కదండీ."

ఆమె మెట్లెక్కింది. మేడ మీద ఎండ పేలిపోతోంది. దక్షిణాన దూరంగా మబ్బు అంచు కనబడుతోంది, తక్కినంతా నీలం. గాలి చెంప మీద కొట్టింది. ఆమె దానికి వీపు తిప్పి ఎడమచెయ్యి చాచింది. చెయ్యి తిన్నగా తూర్పు వైపు, సముద్రం మీదికి, ద్వీపం ఉన్న వైపు చూపించింది.

చెయ్యి దించి, మళ్ళీ చాచింది. అదే దిక్కు.

అప్పుడు ఆమెకు విషయం కళ్ళకు కట్టింది. పైగాలి బలంగా ఉన్నప్పుడు మబ్బును సుడి మీద నుంచి పక్కకు తోసేస్తుంది. గాలికి మబ్బు టోపీ సుడి నెత్తి మీద నుంచి ఎగిరిపోయి నైరుతి దిక్కున పడింది. అందరూ టోపీనే చూస్తున్నారు. మనిషి మాత్రం ఎండలో, బట్టతలతో, ఫెర్రీ దారిలో నిలబడి ఉన్నాడు.

కింద రేవులో ఫెర్రీ కూత వేసింది. మూడు గంటలు.

ఆఫీసరు గదిలో ఉన్నాడు. అతని పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. సగటు గారు అంటారు. వాన పడుతుందా అంటే, "సగటున ఈ నెలలో నాలుగు రోజులు పడుతుంది" అని చెబుతాడు. పెళ్ళి సంబంధం గురించి అడిగినా అలాగే చెబుతాడని ప్రతీతి.

"సార్, ఉత్తర గాలి. పొద్దుటి నుంచీ ఉత్తర గాలే. మనం తూర్పు అని రాస్తున్నాం. సుడి ద్వీపం దగ్గర ఉంది."

"గాలిమర పావు చుట్టు తేడా కదమ్మా."

"నిన్న బాగుచేశారు."

సగటు గారు చేతిలో కలం కింద పెట్టాడు. "బాగుచేశారా? పదిహేడు ఉత్తరాలకా?"

"సార్, రేవుకి హెచ్చరిక పంపండి. ఫెర్రీ బయలుదేరింది."

"కానీ ప్రధాన కార్యాలయం కూడా దక్షిణాననే అంటోంది. ఇదిగో, ఒంటిగంట బులెటిన్."

"వాళ్ళు అంటోంది మనం చెప్పిందే సార్. మన తూర్పు గాలిని నమ్మే అక్కడ చుక్క పెట్టారు."

"పీడనమో?"

"తగ్గుతోంది."

"ఈ ప్రాంతంలో మధ్యాహ్నం మూడు, నాలుగింటికి రోజూ తగ్గేదేగా. పొద్దున పదింటికి ఎక్కడం, సాయంత్రం దిగడం. దానికి కంగారెందుకు?"

"నిన్న ఇదే టైముకి ఎంతుందో చూడండి."

అతను రిజిస్టరు తిప్పాడు. నిన్న రెండున్నరకు ఉన్నదాని కంటే ఇవాళ ఆరు మిల్లీబార్లు తక్కువ. అతను కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆరు ఆరులాగే ఉంది.

"సగటున ఒకటి, ఒకటిన్నర తేడా ఉంటుంది," అన్నాడు నెమ్మదిగా.

"అదే కదా నేను చెప్పేది."

"పోయిన నెల నేను రేవులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేయించా. చిరుగాలి కూడా రాలేదు. ఫెర్రీ వాళ్ళు ఒంటికాలి మీద లేచారు. సంజాయిషీ రాసి రాసి నా వేళ్ళు వాచాయి. ఐదున్నర రీడింగు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే..."

"ఐదున్నరకి వాళ్ళు ద్వీపంలో దిగరు సార్. సముద్రంలో దిగుతారు."

"నేను ఒకసారి మేడ మీదికి వెళ్ళి చూసొస్తా," అని లేచాడు. అతని మోకాళ్ళకు ఆ మెట్లు పది నిమిషాల పని.

ఆమె గడియారం చూసింది. మూడూ పన్నెండు. రేవు నోటి దగ్గర నీళ్ళ కింద ఇసుక దిబ్బ ఉంది. ఫెర్రీ మూడూ ఇరవై ఐదుకు దాన్ని దాటుతుంది. ఆటు మొదలైంది, నీళ్ళు దిగుతున్నాయి. దిబ్బ దాటిందంటే మళ్ళీ పోటు వచ్చేదాకా వెనక్కి రాలేదు. అంతవరకు బయటే ఉండాలి. బయట ఏముందో ఆమెకు తెలుసు, అతన్ని అక్కడికి పంపింది తనే.

పరిశీలకులు బయటివారికి నేరుగా హెచ్చరికలు ఇవ్వరాదు అని గోడ మీద కాగితం ఉంది. ఆమె దాని కిందే నిలబడి ఫోను చేసింది. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిసి తెగిపోయింది. మూడోసారి మరిది గొంతు, వెనక ఇంజను మోత, మేకల అరుపు.

"వదినా, వాయిస్ సరిగా రావట్లేదు!"

"వెనక్కి తిప్పు."

"ఏంటీ?"

"బోటు వెనక్కి తిప్పు. నేను చెప్పింది తప్పు."

అటు మేకలు అరిచాయి, ఆ వెంటే అతను.

"రేవులో జెండా లేదు. జెండా లేకుండా తిప్పితే ఈసారి నా ఉద్యోగం ఊడుతుంది. ఇప్పటికే రెండు మెమోలున్నాయి. మీ ఆఫీసరు చెప్పాడా?"

"ఆయన మెట్లెక్కుతున్నాడు."

"మెట్లెక్కుతున్నాడా! వదినా, ఇక్కడ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. జనానికేం చెప్పను? మా వదినకి మనసు మారిందనా?"

"నా మాట నమ్మద్దు. ఇంజను తగ్గించు. బోటు పరుగెడుతుంటే గాలి దిక్కు తెలీదు. ఆపి, గాలికి వీపు పెట్టి నిలబడు. ఎడమచెయ్యి చాచు."

"ప్రయాణికులంతా చూస్తున్నారు."

"చూడనీ."

ఇంజను మోత తగ్గింది. ఎవరో "ఏమైందండీ, పాడైందా?" అనడం, ఇంకెవరో "నేను ముందే అన్నా" అనడం వినబడ్డాయి.

"చాచా."

"ఎటు చూపిస్తోంది?"

"ముందుకి. తిన్నగా ద్వీపం మీదికి."

"అలలు?"

"తూర్పు నుంచే. పొడుగ్గా, బద్ధకంగా వస్తున్నాయి. ఇంత గాలికి అంత అల ఎందుకా అని నేనూ..." పదహారేళ్ళు పడవ నడిపినవాడికి దూరంగా ఎవరో గట్టిగా తోస్తేనే అలా అల వస్తుందని ఒకరు చెప్పక్కర్లేదు. "దిబ్బ ఇంకో ఐదు వందల మీటర్లు. తిప్పుతున్నా. ఉద్యోగం పోతే మీ ఇంట్లోనే తింటా, అన్నయ్యకి చెప్పు."

మూడూ ఇరవై రెండుకు ఫెర్రీ తిరిగింది. కిటికీలోంచి ఆమెకు అది గోరంత కనబడింది. ముందు పొట్ట కనిపించి, తరువాత ఇటు తిరిగిన ముక్కు కనిపించింది.

మూడూ ముప్ఫైకి సగటు గారు మేడ దిగి వచ్చాడు. నెత్తిన నాలుగు వెంట్రుకలూ దక్షిణం వైపు వంగి ఉన్నాయి. హెచ్చరిక ఫారం తీసి, మూడు కాపీలు నింపి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ముద్ర సరిగా పడలేదని మళ్ళీ వేసి, రేవుకు పంపించాడు. నాలుగింటికి జెండా ఎగిరింది. అప్పటికి ఫెర్రీ తాళ్ళు కట్టేసి పావుగంటైంది. రికార్డుల ప్రకారం హెచ్చరిక సకాలంలో అందింది.

తరువాతి గంట మరిదికి గడ్డుకాలం. నిప్పులాంటి ఎండలో, నీలాకాశం కింద, జనం అతన్ని చుట్టుముట్టారు. ఒకావిడ తన కూతురికి నొప్పులొస్తున్నాయని, ద్వీపంలో ఉన్న ఆ కూతురి దగ్గరికి అతనే ఈదుకుంటూ వెళ్ళాలని పట్టుబట్టింది. మేకల ఆసామి మేకలకు ఎండదెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్నాడు. ఫెర్రీ మేనేజరు వచ్చి అందరి ముందూ మూడో మెమో రాయడం మొదలుపెట్టాడు.

నాలుగూ నలభైకి మెమో రెండో పేరాలో ఉండగా తూర్పున ఆకాశం నల్లబడింది. పైగాలి తగ్గినట్టుంది, సుడి మీద కొత్త మబ్బు నిలువునా లేచింది. ఐదింటికి టికెట్ల షెడ్డు రేకులు లేచాయి. మెమో కూడా లేచింది. ఐదూ పదికి దిబ్బ ఉన్నచోట తెల్లటి నురగ తప్ప ఇంకేమీ లేదు. జనం పరుగెత్తి సిమెంటు గోదాములో దూరారు.

ఐదున్నర రీడింగు తీయడానికి పరిశీలకురాలు డయలు ముందు నిలబడింది. ముల్లు వాయవ్యం మీద వణుకుతోంది. చెయ్యి అలవాటుగా పావు చుట్టు కలపబోయింది. ఆపి, ఉన్నది ఉన్నట్టు రాసింది. పొద్దుటి నుంచి రాసిన నాలుగు తప్పుల పక్కన ఎర్ర సిరాతో సరైన దిక్కు రాసి, రెండున్నర రీడింగు కింద తన సంతకం పెట్టింది. సగటు గారు ఆ పేజీ చూసి, సంజాయిషీకి తెల్లకాగితాలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నాడు.

ఐదూ నలభై ఐదుకు ఫోను మోగింది.

"వదినా, గోదాములో ఉన్నాం."

"అందరూ ఉన్నారా? లెక్కపెట్టావా?"

"రెండుసార్లు. ఎక్కింది నూట నలభై రెండు మంది. ఉన్నది నూట నలభై మూడు."

"అదెలా?"

"ఒకడు టికెట్ లేకుండా ఎక్కాడట. అందరికంటే గట్టిగా వాడే అరుస్తున్నాడు, డబ్బులు వాపసు ఇమ్మని."