మూడు మిల్లీమీటర్ల కడ్డీ

కట్టబోయే వంతెనకు పునాది ఎంత లోతున వేయాలో తేల్చడానికి నది అడుగునుంచి తీసిన బంకమట్టి ప్రయోగశాలకు వచ్చింది. ఆ మట్టిని తడిపి, గాజుపలక మీద అరచేత్తో దారంలా పేనాలి; పేనేకొద్దీ అది ఆరుతుంది. దారం సరిగ్గా మూడు మిల్లీమీటర్ల మందాన చిట్లినప్పుడు మట్టిలో ఉన్న తేమ శాతమే కావలసిన అంకె.

ముప్ఫై ఏళ్లుగా ఆ పని పెద్దాయనది. మూడు మిల్లీమీటర్ల ఇనుపకడ్డీని పక్కన పెట్టి పోల్చడం ఆయనకు నామోషీ. "నా కన్నే కడ్డీ" అనేవాడు. నిరుడు అదే గదిలో చేరిన తోడల్లుడు మాత్రం ప్రతి దారాన్నీ కడ్డీతో పోల్చేవాడు. పెద్దాయన అతనికి 'కొలబద్ద' అని పేరు పెట్టాడు. వెక్కిరింతగా పెట్టిన పేరు కాస్తా మెప్పుగా మారింది. సందేహం వస్తే ప్రయోగశాల అధికారిణి ఇప్పుడు కొలబద్దనే పిలుస్తోంది. ఇంట్లో అత్తగారు సైతం "చిన్నల్లుడి చెయ్యి పడితే ఆ పనికి తిరుగుండదు" అంది. ఆ పూట పెద్దాయనకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఒకే మట్టికి ఆయన అంకె ఇరవై ఆరు, కొలబద్దది ముప్ఫై ఒకటి. తేమ లెక్కకు మట్టిని తూచే అతని త్రాసును పెద్దాయన చాటుగా రెండుసార్లు పరీక్షించాడు. అందులో తప్పు దొరక్కపోవడమే ఆయనకు పెద్ద తప్పుగా తోచింది.

"ఇద్దరూ నా ఎదుటే మళ్ళీ చెయ్యండి. తేలిన అంకే నివేదికలోకి వెళ్తుంది," అంది అధికారిణి.

"చేద్దాం మేడమ్. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళా నాకు దారం పేనడం నేర్పేది?"

"నేర్పడానికి నేనెవర్ని అన్నయ్యా? మీ దగ్గరేగా నేర్చుకుంది," అన్నాడు కొలబద్ద.

ఆ వినయం పెద్దాయనకు ఒంటికి కారం రాసినట్టుంది. పేనాడు. దారం చిట్లింది.

"ఇదిగో, మూడు!"

అధికారిణి కడ్డీ అందించింది. పక్కన పెట్టి చూస్తే దారం దానికి ఒకటిన్నర రెట్లుంది. అంత లావుగా ఉండగానే చిట్లిందంటే మట్టి అతిగా ఆరిపోయిందన్నమాట. అంకె తగ్గింది అందుకే.

"ఈ మూల వెలుతురు చాలదు మేడమ్," కొలబద్ద గబగబా అందుకున్నాడు. "నాకూ ఇక్కడ మందం తెలీదు."

కిటికీ ఎండ నేరుగా గాజుపలక మీదే పడుతోంది.

"వెలుతురు బాగానే ఉంది," అన్నాడు పెద్దాయన. "కళ్ళే మందగించాయి."

ఇరవై ఆరు కొట్టేసి, ముప్ఫై ఒకటి వేసి, సంతకం చేశాడు. కొలబద్ద గెలిచినందుకు అతణ్ణి ఎలాగో క్షమించగలిగాడు కానీ, తనను కాపాడబోయినందుకు క్షమించలేకపోయాడు. కడ్డీని తుడిచి తన సొరుగులో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటుంది. నువ్వు వేరేది తెచ్చుకో."