తూంకుంట కరెంటు నీళ్లు

బాలరాజుకు తాతల నుంచి వచ్చిన భూమంతా ప్లాట్లయిపోయి, చివరికి ఎకరం ముక్క మిగిలింది. తూంకుంట దాటి శామీర్‌పేట వైపు పోతుంటే ఎడమచేతి పక్కన ఉంటుంది. దాంట్లో చిన్న ఇల్లు కట్టించి, ముందు పచ్చగడ్డి పరిపించి, వెనక ఈతకొలను తవ్వించి, ఫామ్‌హౌస్ అని బోర్డు పెట్టాడు. శని, ఆదివారాలు కొంపల్లి నుంచీ అల్వాల్ నుంచీ జనం వచ్చి, డీజే పెట్టుకుని, నీళ్లలో దుమికి, పొద్దుగూకినంక పోయేవాళ్లు.

కరెంటు పనంతా ఎల్లేష్ చేశాడు. ఎల్లేష్‌కు పని రాక కాదు, యజమాని మాట జవదాటడు, అదీ చిక్కు. పార్టీ మంచి ఊపులో ఉన్నప్పుడు ట్రిప్పర్ పడిపోయి డీజే ఆగిపోతున్నదని బాలరాజు విసుక్కున్నాడు. ఎక్కడన్నా కరెంటు లీకయితే టక్కున పడిపోవడమే దాని పనని ఎల్లేష్‌కు తెలుసు. తెలిసే దాన్ని తప్పించి, వైరు నేరుగా కలిపేశాడు. ఎర్తింగుకు గుంత తవ్వితే గడ్డి ఖరాబవుతుందని బాలరాజు అన్నాడు. గుంత కూడా మానేశాడు. కొలను మోటారు నుంచి వచ్చిన ఎర్తు తీగను గుండ్రంగా చుట్టి గోడ వెనక దాచాడు. చూడటానికి శుభ్రంగానే ఉంది.

ఆ ఎండాకాలం దాటాక, నీళ్లలోకి దిగే స్టీలు నిచ్చెన పట్టుకుంటే జివ్వుమంటున్నదని ఎవరో ఫిర్యాదు చేశారు. చల్లటి నీళ్లకు అట్లనే ఉంటుందని బాలరాజు సర్దిచెప్పి పంపాడు. ఆ మరుసటి వారమే అతని చిన్నమ్మ సిద్దమ్మ చూడవచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నాలుగడుగులేస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. కొలను గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. కాసేపటికి బాలరాజును పిలిచి, ఈ తొట్టి నీళ్లలో ఏం కలిపినవని అడిగింది.

"కాళ్లు జుమ్ముమంటున్నయ్ రా. మోకాలు గుంజుడు తగ్గినట్టే ఉంది" అన్నది.

సిద్దమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మాట తూంకుంటంతా ఎరుగును. కాబట్టి ఆమె నోటినుంచి వచ్చిన ముక్క పాలప్యాకెట్ల దుకాణం దాకా, అక్కణ్నుంచి మేడ్చల్ దాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మొదట ఇరుగుపొరుగు ముసలివాళ్లు వచ్చారు. తరవాత ఆటోల్లో వచ్చారు. బాలరాజు డీజే కుర్రవాళ్లకు సెలవు చెప్పి, శామీర్‌పేట చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. 'జల విద్యుత్ ఆరోగ్య కేంద్రం' అని దాని పేరు. అది చూసి, ఐటీఐ చదివినవాళ్లు ఒకరిద్దరు ఇక్కడ ఆపరేటరు ఉద్యోగాలు ఉన్నాయా అని కూడా అడిగిపోయారు.

గండిమైసమ్మ నుంచి వచ్చే ఫణిభూషణ్ అనే రిటైరయిన లెక్చరరు దీనికి శాస్త్రం సమకూర్చాడు. ఆయన కాలేజీలో చెప్పింది వాణిజ్యశాస్త్రం. మనిషి కూడా ఫోను లాంటివాడేననీ, అరవై దాటాక చార్జింగ్ నిలవదనీ, ఈ నీళ్లు పాదాల్లోంచి ఎక్కిస్తాయనీ గట్టు మీద కూర్చుని వివరించేవాడు. విన్నవాళ్లు తల ఊపి పాదాలు ఇంకొంచెం లోపలికి పెట్టేవాళ్లు.

బాలరాజు మాత్రం ఆ నీళ్లలో ఎన్నడూ దిగలేదు. భార్య పద్మలత ఒకసారి ఆ సంగతి అడిగింది. తనకు నీళ్లు పడవన్నాడు. ఇంకోసారి అడిగితే జలుబన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు గానీ, అతను గట్టుకు ఎంత దూరంలో కుర్చీ వేసుకుంటాడో చూసి పెట్టుకుంది.

ఇంతలో మోటారు గరగర శబ్దం చేయడం మొదలుపెట్టింది. గ్యారంటీలో ఉంది కదా అని కంపెనీకి ఫోన్ చేస్తే, ధరణి అనే సర్వీసు ఇంజనీరు స్కూటీ మీద వచ్చింది. గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న జనాన్ని చూసి, ముందు అందరినీ లేపి అవతలికి పంపింది. తరవాత మెయిన్ తీసేసి, సంచిలోంచి పసుపు రంగు మీటరు ఒకటి బయటికి తీసింది. దాని వైరు క్లిప్పు ఒకటి స్టీలు నిచ్చెనకు తగిలించింది. రెండోది గడ్డిలో ఒక ఇనుప కడ్డీ దిగగొట్టి దానికి తగిలించింది. మీటరును అక్కడే వదిలి, అంకె కనపడే దాని ముఖాన్ని ఊడదీసి చేతిలో పట్టుకుని బాలరాజు కుర్చీ దాకా నడిచొచ్చింది. అప్పుడు మెయిన్ వెయ్యమంది.

ఆమె చేతిలోని ముక్క మీద పద్నాలుగు వోల్టులని పడింది. ఒక్క తీగ కూడా లేదు. మీటరు అక్కడ, అంకె ఇక్కడ. బాలరాజు రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

ధరణి ఓపికగానే చెప్పింది. కరెంటు ఉన్నచోట చేతులు పెట్టకుండా దూరం నుంచి చూసుకోవడానికే ఈ వైర్‌లెస్ మీటరు. మోటారు లోపల లీకేజీ ఉంది, ఎర్తు లేదు, ట్రిప్పర్ తప్పించారు. తడి ఒంటికి ఈ పద్నాలుగే ఎక్కువ.

"వానలు పడ్తున్నయి సార్. మోటారులోకి తడి పోతే ఈ నంబరు ఎప్పుడు ఎంతకు పెరుగుతదో ఎవరూ చెప్పలేరు. బాగుచేయించేదాక ఒక్కరిని కూడా నీళ్ల దగ్గరికి రానియ్యకండి" అంది.

ఇందులో బాలరాజు మనసుకు పట్టింది ఒక్కటే. నంబరు పెరుగుతుంది. ఆమె మెయిన్ తీసేసి, గట్టిగా ఇంకోసారి చెప్పి వెళ్లింది. స్కూటీ గేటు దాటాక అతను మెయిన్ మళ్లీ వేశాడు. మర్నాడు కరెంటు సామాన్లమ్మే ట్రూప్ బజార్‌కు పోయి, అచ్చం అలాంటి మీటరే కొనుక్కొచ్చాడు.

ఇగ కేంద్రం వైభవం చూడాలి. క్లిప్పులు ఎప్పుడూ నిచ్చెనకూ కడ్డీకీ తగిలించే ఉండేవి. మీటరు ముఖం పట్టుకుని బాలరాజు దూరంగా గొడుగు కింద కూర్చుని, ఆనాటి అంకె ప్రకటించేవాడు. గాలిలోంచి అంకె వస్తుంటే జనం నోళ్లు తెరిచి చూశారు. దాన్ని చేతిలో పట్టుకుని ఫొటోలు దిగారు. పదహారు వచ్చిన రోజున వచ్చినవాళ్లు పంతొమ్మిది వచ్చిన రోజున వచ్చినవాళ్లను చూసి ఈర్ష్యపడ్డారు. మేడ్చల్ నుంచి వచ్చిన ఒకాయన తనకు బీపీ ఉంది గనక కొంచెం తక్కువ పెట్టమని అడిగాడు. సాయంత్రానికి తగ్గుతుందని బాలరాజు మాటిచ్చాడు. ప్రమాదం చెప్పడానికి పుట్టిన వస్తువు ఆ విధంగా ప్రసాదం కొలవడానికి కుదిరింది.

వానలు ముసురుపట్టాయి. అంకె ముప్పై దాటిన నాడు సిద్దమ్మ గట్టు మీద కూర్చుని కాళ్లు పెట్టి, వెంటనే తీసేసుకుంది. ఇయ్యాల నీళ్లు కొరుకుతున్నయని చెప్పి, ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికి పోయింది. ఆ రాత్రి బాలరాజుకు అన్నం సయించలేదు. అయినా తెల్లారేసరికి దానికి కూడా సమాధానం దొరికింది. చిన్నమ్మ వయసు ఎక్కువ, అంత బలమైన మోతాదు ఆమెకు పడదు.

అప్పుడే అతని మేనమామ గౌరయ్య కబురు పంపాడు. గౌరయ్య ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు రాబోయే మున్సిపల్ ఎన్నికల మీద కన్నేసినవాడు. ఆయనకూ మోకాలు నొప్పి ఉంది. దానికన్నా ఎక్కువగా, మోకాళ్ల నొప్పులున్న ఓటర్లు గుంపుగా ఒకేచోట దొరుకుతున్నారన్న సంగతి ఆయన చెవిన పడింది. ఆదివారం పొద్దున తన మనుషులతో, దండలతో, ఫోనుల్లో లైవు పెట్టేవాళ్లతో సహా వస్తానన్నాడు.

ఆదివారం వచ్చారు. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. గౌరయ్య పంచె మోకాళ్ల పైకి కట్టి, కండువా తీసి ఒకడికిచ్చి, కొలను వైపు నడిచాడు. వెనక జనం. బాలరాజు గొడుగు కింద నిలబడి అలవాటుగా అంకె పైకి చదివాడు. డెబ్బై రెండు.

మొదట గుండె గర్వంతో పొంగిన మాట నిజం. ఇంత అంకె ఇదివరకు రాలేదు, అదీ మామ వచ్చిన పూట. మరుక్షణం ధరణి చెప్పింది మొత్తం, తను విననట్టు నటించిన ముక్కలతో సహా, ఒకేసారి గుర్తుకొచ్చింది.

ఆగమని చెప్పాడు. ఎందుకని గౌరయ్య అడిగాడు. మంచి గడియ రాలేదన్నాడు బాలరాజు. లైవులో ఉన్నామనీ, గడియలు చూస్తే మూఢనమ్మకం అంటారనీ గౌరయ్య మనిషి ఒకడు అన్నాడు. గౌరయ్యకు ఏదో అనుమానం తగిలింది. ఊళ్లో రాజకీయం చేసినవాడు, ఎదుటివాడి కళ్లు చదవగలడు.

"అల్లుడా, ముందు నువ్వు దిగు. మేమందరం చూస్తం" అన్నాడు.

జనమంతా బాలరాజు వైపు తిరిగారు. ఇన్ని రోజుల్లో అతను నీళ్లలో ఉండగా తాము చూడలేదన్న సంగతి అప్పుడే వాళ్లకు తట్టినట్టుంది. ఫోనులు కూడా అటే తిరిగాయి. లీకేజీ ఉందని ఆ క్షణాన చెప్పేస్తే మామ పరువూ తన పరువూ ఒక్కసారే పోతాయి. చెప్పకుండా దిగితే ప్రాణం పోతుంది. మోటారుకు దండం పెట్టుకుని వస్తానని అన్నాడు. ఆయుధపూజ నాడు పెట్టుకునేదే కదా అని ఎవరూ వింతగా అనుకోలేదు. మీటరు ముఖాన్ని పద్మలత చేతిలో పెట్టి, మోటారు గదిలోకి పోయి, మెయిన్ లాగేశాడు. ఒక్కటి చాలదనిపించి ఫ్యూజులు కూడా పీకి జేబులో వేసుకున్నాడు.

బయటికి వచ్చి పద్మలత వైపు చూశాడు. ఆమె చేతిలోకి చూసుకుని, అతని వైపు చూసి, తల చిన్నగా ఊపింది. అయినా నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు బాలరాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ కాలేదు. నడుములోతు దిగి నిలబడ్డాడు. తాను కట్టించిన కొలనులో నీళ్లు ఇంత చల్లగా ఉంటాయని అతనికి అప్పుడే తెలిసింది.

గౌరయ్య దిగాడు. ఆయన వెనక ఇంకో నలుగురు దిగారు. దిగిన ప్రతివాడూ కాళ్లు జుమ్ముమంటున్నాయన్నాడు. ఫణిభూషణ్ అయితే వెన్నుపూస దాకా ఎక్కిందన్నాడు. గౌరయ్య రెండు చేతులూ పైకెత్తి, నంబరు ఎంతో చదవమని పద్మలతను అడిగాడు.

అబద్ధమాడమని మొగుడు చెప్పిపోలేదు. చెప్పినా ఆమె ఆడేది కాదు.

"సున్న చూపిస్తాంది మామా" అన్నది.

బాలరాజుకు నీళ్లలోనే చెమట పట్టింది. గౌరయ్య ఒక్క నిమిషం ఆలోచించాడు. అంకె తక్కువైతే ఎందుకు తక్కువైందో జనానికి చెప్పడం ఆయనకు పాత అలవాటు. ఫోనుల వైపు తిరిగి, "చూసిన్రా, డెబ్బై రెండు ఉన్న నా నొప్పి సున్నకొచ్చింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

వాళ్లంతా పోయాక బాలరాజు తడిబట్టలతోనే ఎల్లేష్‌కు ఫోన్ చేశాడు. గడ్డి తవ్వించాడు. గుంతలో ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తింగు వేయించాడు. కొత్త ట్రిప్పర్ పెట్టించాడు, మోటారు మార్పించాడు. ధరణి చేసినట్టే మెయిన్ తీసి, క్లిప్పులు తగిలించి, దూరం జరిగి, అప్పుడు మెయిన్ వేసి చూశాడు. సున్న. అప్పటి నుంచి రోజూ పొద్దున జనం రాకముందే అదే పద్ధతిలో చూస్తాడు. మీటరు కొన్న ఇన్ని నెలలకు దాన్ని దాని పనికి వాడటం అదే మొదలు.

నీళ్లలో పస పోయింది గనక కేంద్రం మూతపడుతుందని అతను ఎదురుచూశాడు. కొంచెం ఆశపడ్డాడు కూడా. కానీ గౌరయ్య వీడియో కరీంనగర్ దాకా పోయింది. ఇప్పుడు జనం సున్న కోసం వస్తున్నారు. చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద గౌరయ్య ఫొటో పెద్దది, బాలరాజుది చిన్నది, కింద 'నొప్పి సున్న' అని ఎర్ర అక్షరాలు. తీసేయమని చెప్పే ధైర్యం బాలరాజుకు లేదు.

కొన్నాళ్లకు సిద్దమ్మ మళ్లీ వచ్చింది. కాళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏమీ అనిపించడం లేదనీ, ఈ నీళ్లు సచ్చిపోయినయనీ చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను జాలిగా చూశారు. బాలరాజు ఆమెను పక్కకు తీసుకుపోయి, గోడ నీడన కూర్చోబెట్టి, మొదటి నుంచీ జరిగిందంతా చెప్పాడు. మోటారు, ఎర్తు తీగ, ధరణి, ముప్పై వచ్చిన నాటి సంగతి, ఏదీ దాచలేదు.

సిద్దమ్మ కోపం చేయలేదు. తన పాదాల వైపు చూసుకుంది.

"నేను కాళ్లు పెట్టి కూసున్ననాడు నువ్వు గా గొడుగు కింద ఉంటివి గదరా" అన్నది.

పద్మలత వంటింట్లోంచి బకెట్టులో వేడినీళ్లు తెచ్చి, గుప్పెడు ఉప్పు వేసి, సిద్దమ్మ ముందు పెట్టింది. ముసలామె కాళ్లు లోపల పెట్టుకుని, ఇదే హాయిగా ఉందని మెల్లగా అన్నది. కొలను దిక్కు నుంచి ఎవరో ఇయ్యాల్టి నంబరు ఎంతని కేక వేశారు. బాలరాజు కదల్లేదు. కింద కూర్చుని, బకెట్టులో చేతులు ముంచి, చిన్నమ్మ మోకాళ్లు పిసుకుతూ ఉండిపోయాడు.