తమ్ముడి విచారణ

అమెరికాలో, యూటా రాష్ట్రంలోని ఆ లోయలో ఆర్డెల్ మాడ్సెన్ పేరు చెబితే కోర్టులో జడ్జి కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. మందుల షాపు మీది అంతస్తులో అతని వకీలు ఆఫీసు. ఆదివారాలు మాత్రం అతని చోటు చర్చిలో. మోర్మన్లనే ఆ క్రైస్తవ శాఖవాళ్ళకి జీతం తీసుకునే గురువులుండరు. పాడి రైతయినా, బడిపంతులయినా పిలుపు వస్తే వెళ్ళి సంఘాన్ని నడపాల్సిందే. ఆర్డెల్‌కి వచ్చిన పిలుపు చిన్నది కాదు. లోయలోని సంఘాలన్నిటికీ అతనే ప్రెసిడెంటు. సాక్షిని మూడు ప్రశ్నల్లో ఏడిపించగలడని కోర్టులో పేరు. సంఘంలోనూ ఆ పేరు అతన్ని వదిలిపెట్టలేదు.

ఒక మే నెల మధ్యాహ్నం తమ్ముడు రూలన్ ఆఫీసుకొచ్చాడు. టర్కీ కోళ్ళు పెంచుతాడు. బూట్లకి ఈకలంటుకుని ఉన్నాయి. లోపలికొచ్చి, "అన్నయ్యా, తలుపెయ్యనా?" అన్నాడు.

"ఏం, పొలం గట్టు తగాదా మళ్ళీనా?"

"కాదు." రూలన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "రెండేళ్ళ కింద, చలికాలం, నెవాడాకి కోళ్ళు తోలేవాణ్ణి గదా. అక్కడొకావిడ. ఆ చలికాలమంతా నడిచింది. తర్వాత నేనే ఆపేశాను. మళ్ళీ ఆ దారి తొక్కలేదు."

ఆర్డెల్ కలం మూసి బల్ల మీద పెట్టాడు.

"వచ్చే నెల మార్జీన్ పెళ్ళి" అన్నాడు రూలన్. "పెళ్ళి జరిగే ఆలయంలోకి వెళ్ళాలంటే మన ఊరి సంఘం బిషప్ కూర్చోబెట్టి తప్పొప్పులన్నీ అడుగుతాడు. మిగతావాళ్ళలాగా గబుక్కున అవునవునని చెప్పేసి లోపలికెళ్ళలేను. అక్కడ కూర్చుని నా కూతుర్ని ఎట్లా చూడను? అందుకే ముందు నీకు చెబుతున్నా."

"నాకంటే? వకీలుకా, ప్రెసిడెంటుకా?"

"నీకు, అన్నయ్యా."

బిషప్‌ని పిలిచి, నాలుగు గోడల మధ్య కొన్నాళ్ళు ఆంక్షలు పెట్టి విషయాన్ని చల్లార్చవచ్చు. అట్లా చల్లార్చినవి ఆర్డెల్‌కి చాలానే తెలుసు. కానీ ఆ నెలాఖరుకి సంఘం కేంద్రమైన సాల్ట్‌లేక్ నుంచి సంఘ పెద్దలొకరు వస్తున్నారు. విదేశాల్లో ప్రచారకుల మీద అధికారిగా పంపడానికి మనిషిని చూస్తున్నారని చెవిన పడింది. సొంత తమ్ముడి సంగతి దాచాడని తర్వాత బయటపడితే? అదే దాచకపోతే? సొంత తమ్ముణ్ణయినా వదల్లేదన్న మాట ఆ పెద్దమనిషి చెవిలో ఎట్లా మోగుతుందో ఊహించుకున్నాడు. ఆ ఊహ తియ్యగా ఉంది. అది తియ్యగా ఉందని అతను గమనించలేదు. దాన్ని ధర్మమనుకున్నాడు.

"విచారణ సభ పిలుస్తాను" అన్నాడు.

ఆదివారం సాయంత్రం చర్చిలో పన్నెండుమంది సలహాదారులు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆచారం ప్రకారం చీట్లు తీశారు. సగంమంది నిందపడ్డవాడికి అన్యాయం జరక్కుండా చూడాలి. వాళ్ళ తరఫున మాట్లాడే వంతు హైరమ్ పెల్‌కి వచ్చింది. ముసలి పాడి రైతు, మాట నిదానం.

"ఇతన్నెవరూ పట్టుకోలేదు" అన్నాడు పెల్. "తనంతట తానే వచ్చి చెప్పుకున్నాడు. వచ్చి చెప్పుకున్నందుకే కొడితే, రేపు ఇంకెవడొస్తాడు?"

ఆర్డెల్ తలూపి, తమ్ముడి వైపు తిరిగాడు. "ఆవిడ పేరు?"

"పేరు చెప్పను. ఆవిడ మన సంఘం మనిషి కాదు. ఆవిణ్ణి ఇందులోకి లాగడమెందుకు?"

"పూర్తిగా ఒప్పుకోనిది పశ్చాత్తాపం ఎట్లా అవుతుంది? సరే. నీ భార్యకి తెలుసా?"

రూలన్ మెడ మీద ఎర్రటి మచ్చలు తేలాయి. "పెళ్ళయ్యాక చెబుదామని."

"ఆవిణ్ణి పిలవండి."

"అన్నయ్యా, వద్దు."

రూలన్ భార్య నెడ్రా అదే భవనంలో ఉంది. మర్నాటి అంత్యక్రియల భోజనానికి మిగతా ఆడవాళ్ళతో కలిసి వంటగదిలో క్యారట్ తురుముతోంది. ఎవరికో మంచినీళ్ళు కావాలేమో అనుకుని ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల చివర మొగుణ్ణి చూసి ఆగిపోయింది.

"సిస్టర్ నెడ్రా, మీ ఆయన ఇక్కడెందుకు కూర్చున్నాడో తెలుసా?"

"తెలీదు బావగారూ."

"నువ్వే చెప్పు రూలన్."

రూలన్ చెప్పాడు. వినబడలేదు, గట్టిగా చెప్పమన్నాడు ఆర్డెల్. మళ్ళీ చెప్పాడు. నెడ్రా గోడకి చెయ్యి ఆన్చింది. పెల్ లేచి తన కుర్చీ ఆమె దగ్గరికి జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ చలికాలం ఆయన ప్రవర్తనలో మీకేమైనా తేడా కనిపించిందా?"

నెడ్రా బావగారి మొహంలోకి చూసింది. "ఆ చలికాలమే గదా బావగారూ, పుట్టగానే పోయిన పిల్లాణ్ణి పూడ్చిపెట్టాం. మీరే వచ్చి ప్రార్థన చేశారు. తేడా ఎవరిలో ఉందో నాకెట్లా తెలుస్తుంది?"

"అడిగినదానికి జవాబివ్వండి."



"కనపడలేదు" అంది నెడ్రా.

ఆర్డెల్ పక్కగదిలోకెళ్ళి మోకాళ్ళ మీద ప్రార్థన చేసి వచ్చి తీర్పు చెప్పాడు. రూలన్‌ని సంఘం నుంచి వెలివేశారు. ఆలయంలో అడుగు పెట్టకూడదు, సభలో ప్రార్థన చెయ్యకూడదు, తలమీద చేతులుంచి ఎవరినీ దీవించకూడదు. పెళ్ళయ్యేదాకా ఆగరాదా అని పెల్ అడిగితే, సభ పెళ్ళి తేదీలు చూసుకుని నడవదన్నాడు. దూడ మీద వాత పెట్టినంత తేలిగ్గా అయిపోయిందని బయటికొచ్చాక పెల్ ఎవరితోనో అన్నాడట. మొత్తానికి సాల్ట్‌లేక్ నుంచి వచ్చిన పెద్దమనిషి సంగతంతా విని, ఆర్డెల్ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

జూన్‌లో పెళ్ళి. ఆలయం గుమ్మం ముందు రూలన్ కొత్త కోటు తొడుక్కుని, పచ్చిక మీద చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. నెడ్రాకి లోపలికెళ్ళే అనుమతి ఉంది. గుమ్మందాకా కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, అక్కడ వదిలేసింది.

"నువ్వెళ్ళమ్మా. నేను నాన్న దగ్గరుంటా."

"అమ్మా, నువ్వు కూడానా?"

"ఇంతమందిలో ఒక్కణ్ణీ నిలబెట్టి ఎట్లా రానే? వెళ్ళు, ఆలస్యమవుతోంది."

లోపల తల్లిదండ్రులు కూర్చోవలసిన చోట ఆర్డెల్, అతని భార్య లియోరా కూర్చున్నారు. లియోరా ఎక్కడ చూడాలో తెలీక తెల్ల చేతిగుడ్డని మడతలు పెడుతూనే ఉంది.

బయటికొచ్చి ఫొటోలకి నిలబడ్డప్పుడు మార్జీన్ పక్కకి తిరక్కుండానే అడిగింది. "పెదనాన్నా, కొన్నాళ్ళు ఆగలేకపోయావా?"

"అక్కడ వాయిదాలుండవమ్మా."

"నీ క్లయింటు క్రాండల్ తాగి బండి నడిపితే కోర్టులో నాలుగుసార్లు వాయిదా వేయించావుగా. వాడు గడ్డి కోసుకోవాలని."

ఆర్డెల్ నవ్వు చెదరనివ్వలేదు. ఫొటో బాగానే వచ్చింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో లియోరా కొండల వైపు చూస్తూ అడిగింది. "రూలన్ చేసిన పని నేను చేసుంటే, నన్నూ ఆ గదిలోకి పిలిచేవారా?"

"తప్పకుండా" అన్నాడు ఆర్డెల్. ఆవిడకది గౌరవంగా తోస్తుందనే అనుకున్నాడు.

"అనుకున్నా" అంది లియోరా.

ఆకులు రాలే రోజుల్లో విదేశీ పిలుపు వచ్చింది. అర్జెంటీనాలో మూడేళ్ళు వందలమంది కుర్ర ప్రచారకుల మీద పెత్తనం చేసి, మరింత పెద్దమనిషై తిరిగొచ్చాడు. లియోరా వెంటే వెళ్ళింది, వెంటే వచ్చింది. అన్నం వేళకి అన్నం, ఇస్త్రీ చేసిన చొక్కా, చుట్టాల కుశలం. దేనికీ లోటు లేదు. తన గురించి మాత్రం అతనికి ఒక్క మాటయినా చెప్పడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని అతను స్నేహితులతో చెప్పుకునేవాడు.

ఏళ్ళు గడిచాక ఒక రోజు కోర్టుకి ఫోనొచ్చింది, ప్రోవో పట్నం ఆస్పత్రి నుంచి. వెళ్ళేసరికి వరండాలో నెడ్రా కూర్చుని ఉంది. లియోరాకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ, అది ఊపిరితిత్తులకి పాకిందని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు ఆర్డెల్.

"పోయిన వేసవి నుంచి."

"ఇక్కడికెవరు తీసుకొచ్చేవారు?"

"రూలన్. ప్రతిసారీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"అక్క వద్దంది, బావగారూ. వెళ్ళి అక్కనే అడగండి."

లియోరా దిండుకానుకుని ఉంది. బాగా చిక్కిపోయింది. అతను మంచం పక్కన నిలబడి అదే ప్రశ్న వేశాడు.

"చెబితే అడగడం మొదలుపెడతారుగా" అంది. "ఎప్పుడు తెలిసింది, ముందే ఎందుకు చూపించుకోలేదు, అంటూ. నాకంత ఓపిక లేదండీ."

అతనికి తెలిసిన పనల్లా ఒకటే. "దీవిస్తాను" అన్నాడు.

"రూలన్‌ని పిలిచేదాన్ని. ఆ హక్కు మీరు తీసేశారుగా" అంది లియోరా. తర్వాత కళ్ళు మూసుకుని, "కానివ్వండి" అంది.

ఇన్నాళ్ళూ ఇంట్లో రుమాలు కట్టి దాచిన, జుట్టు రాలిపోయిన ఆ తల మీద రెండు చేతులూ ఉంచాడు. మాటలు ఎప్పట్లాగే తడబాటు లేకుండా వచ్చాయి. ఓర్పు, విశ్వాసం, శాశ్వత కుటుంబం. గొంతు బాగా పలుకుతోందని మధ్యలో అతనికే అనిపించింది. ఆమేన్ అన్నాక కూడా చేతులు తియ్యలేదు.

"అయిందా?" అంది లియోరా. "అయితే నెడ్రాని రమ్మనండి."