పైడిసూరి యెడమచేయి

శరత్కాలము తన తెల్లమబ్బులను మూటగట్టుకొని తరలిపోగా హేమంతము చలికొంగు విసరుకొనుచు ప్రవేశించిన యొకానొక మార్గశిర ప్రాతఃకాలమున చంపావతీనదీతీరమంతయు మురిగిన గోగుకట్టల కంపుతో నిండియుండెను. హేమంతమనగానే మంచుముత్యములనియు బంతిచేమంతులనియు వర్ణించుట కావ్యకర్తల కలవాటు గాని ఆ తీరమందలి నారపేట హేమంతమును వర్ణింపబూనినవాడు మొదట ముక్కు మూసికొనవలసియుండును. కోసి కట్టిన గోగుమోపులు రేవుల వెంబడి నీటిలో నాని నల్లబడి మెత్తబడి తమ నారను విడుచుటకు సిద్ధమైయుండగా గోచులు బిగించిన పురుషులును చీరచెఱగులు దోపుకొన్న స్త్రీలును ఆ దుర్గంధజలమధ్యమున నిలిచి పుల్లను వేఱుచేసి నారను జాడించి గట్టుమీదికి విసరుచుండిరి. దండెములపై ఆరవేసిన యా నార బాలభానుకిరణములు సోకి పసిడివన్నె దాల్చి గాలికి కదలుచుండెను. ముక్కు సంగతి యెట్లున్నను కంటికి మాత్రము కొదువ లేదు.

ఆ నార యంతయు తుదకు పోయి చేరునది పేటకు ఉత్తరముననున్న నారమిల్లు. దాని మహాద్వారమునొద్ద నొక రైలుపట్టా ముక్క వ్రేలాడుచుండును. దానిని ఇనుపకడ్డీతో గంటగంటకును మ్రోగించుట కాపలావాని విధి. ఆ మ్రోతకు వేయిచేతులు పనిలోనికి దిగును ఆ మ్రోతకే వేయిచేతులు పని విడుచును. అట్టి మ్రోతను పుట్టించువాడు మాత్రము ఖాకీకోటు తొడిగి స్టూలుపై కూర్చుండి ఈగలను తోలుకొనుచుండును. పాత కాపలావాడు కాలధర్మము నొందగా కోటును కడ్డీయు స్టూలును ఎవరికొఱకో యెదురుచూచుచుండెను.

ఆ మిల్లులోని ఫిట్టరు పైడిసూరి. యంత్రము మూల్గిన మూల్గును బట్టి దాని రోగమును చెప్పగల ఘనుడు. గడచిన వర్షకాలమున నారను మెత్తపఱచు యంత్రపు పండ్లచక్రముల నడుమ జిక్కి వాని యెడమచేయి మణికట్టువఱకు పోయెను. పుండు మానెను గాని మనసు మానలేదు. ఏలయన సుత్తి నెత్తు చేయి మిగిలినదే గాని సుత్తిక్రింది వస్తువును పట్టియుంచు చేయి పోయినది. ఇనుమును అరగదీయు ఆకురాయిని త్రోయు చేయి యున్నది. ఆకురాయిక్రింద కదలనీయక యదుముచేయి లేదు. పట్టువాడు లేనిచో కొట్టువాని బలమంతయు వ్యర్థమని పైడిసూరికి ఆ నెలలలో లెస్సగా బోధపడెను.

ఆ యుదయమున మిల్లు మేనేజరు జగన్నాథ పట్నాయకులవారు వానిని పిలిపించిరి. ఆయన చెడ్డవారు కారు. చెడ్డవారైనచో పైడిసూరి పని సులభమయ్యెడిది. దయగలవారి యెదుట ధిక్కరించి నిలుచుట కంటె కష్టమైనది మఱొకటి లేదు గదా.

“సూరీ, చెయ్యి పోయిందని మిల్లు నిన్ను వదిలెయ్యదు. గేటు దగ్గర గంట కొట్టుకుంటూ కూర్చో. ఒంటిచేత్తో అయ్యే పనే.”

పైడిసూరి చూపు కిటికీ దాటి యావరణపు మూలనున్న తుక్కుకుప్పపై నిలిచెను. ఆ కుప్పమధ్యమున నొక వైసు పడియుండెను. బల్లకు బిగింపబడి తన యినుపదవడలతో వస్తువును కఱచిపట్టి పనివానికి తోడ్పడు ఆ సాధనము ఎన్ని వానలు తడిసెనో యెన్ని యెండలు కాగెనో గాని యాపాదమస్తకము ఎఱ్ఱని తుప్పు గ్రమ్మి అలిగి మూలకూర్చున్న ముసలమ్మవలె నోరు బిగించుకొనియుండెను. ఎవడో పూర్వమొకనాడు దాని దవడల నడుమ నొక యినుపకడ్డీని బిగించి మఱచిపోయెను. యజమానులు మఱచిరి ఋతువులు మాఱెను. వైసు మాత్రము ఆ కడ్డీని విడువలేదు.

“బాబూ, ఆ తుక్కులో వైసొకటుంది. అది నాకిప్పించండి.”

“అది బిగుసుకుపోయి ఏళ్లయింది. తిప్పే పిడి కూడా లేదు. దేనికయ్యా?”

“నాకు ఎడంసెయ్యి కావాలండి.”

పట్నాయకులవారు నవ్విరి. పిదప నవ్వినందుకు నొచ్చుకొనిరి. “సరే, పట్టుకుపో. కోటు, కడ్డీ, స్టూలు కూడా ఇప్పుడే తీసుకుపో. సోమవారం పొద్దున్న మొదటి గంట నువ్వే కొట్టాలి. అందాకా గుమస్తా రాయితో కొడతాడులే.”

“అది నోరిప్పితే నాను స్టూలు మీద కూకోనండి.”

“ఇప్పకపోతే?”

“కూకుంటానండి. మరి నోరెత్తనండి.”

ఇట్లు పైడిసూరి తన శేషజీవితమును ఒక తుప్పుముద్ద నోటిలో పెట్టి నారబండి మీద ఇంటికి తరలెను.

వాని భార్య నూకాలు అప్పుడే రేవునుండి తిరిగివచ్చి మోచేతులదాక అంటిన బురదను కడుగుకొనుచుండెను. బండినుండి దిగిన యా విచిత్రసంపదను చూచి “ఇదేటి మావా” యని యడిగెను. వాడు జరిగినదంతయు జెప్పి వైసును దింపుటకు ఆమె చేయి వేయబోగా “ఒగ్గీ. ఇది నా పని” యనెను. నూకాలు చేయి వెనుకకు దీసికొనెను. మొగము మాత్రము మాడ్చుకొనెను.

పైడిసూరి యా వైసును ఇంటికప్పును మోయు నిట్రాటకు గోగుత్రాళ్లతో బంధించెను. దాని మరకు కిరసనాయిలు త్రాగించెను. పిడి లేని రంధ్రమున దూర్చుటకు తగిన కడ్డీ కొఱకు వెదకివెదకి తుదకు మిల్లువారిచ్చిన గంటకడ్డీనే దూర్చి కాలు నిట్రాటకు దన్ని కుడిచేతితో లాగెను. వైసు కదలలేదు. నిట్రాట కదలెను. చూరునుండి యేండ్లనాటి దుమ్మును తాటాకుపొట్టును వాని తలపై రాలెను. మఱల లాగెను. ఈమాఱు గంటకడ్డీ వంగెను. వంగుటయే గాక యా రంధ్రములోనే యిఱుకుకొని వెలుపలికి రాక మొరాయించెను. మఱునాడును అదియే కథ. సుత్తితో నాలుగువైపుల మెల్లగా తట్టెను. మోకాళ్ల నడుమ నదిమెను. తిట్టెను. వైసునకు చేతులు లేవు గాని యున్నచో నవ్వి చప్పట్లు కొట్టెడిదే. వస్తువును పట్టియుంచుటకు వైసు కావలెను. ఆ వైసును బాగుచేయుటకు దానినే పట్టియుంచుటకు మఱొక చేయి కావలెను. ఈ చిక్కుముడియొద్ద పైడిసూరి పౌరుషమంతయు చెమటగా కారిపోయెను.

శనివారము మధ్యాహ్నమున నూకాలు ఇంటికి వచ్చునప్పటికి వాడు ఖాకీకోటు తొడిగికొని యఱుగుపై కూర్చుండియుండెను. కోటు ఎడమచేతికొన ఖాళీగా వ్రేలాడుచుండెను. తనకది సరిపోవునో లేదో యని చూచుకొనుచున్నాడో మనసును సరిపెట్టుకొనుచున్నాడో చెప్పలేము. ఆ దృశ్యము చూడగానే నూకాలు వాని కోటుచెఱగు పట్టి లాగెను.

“ఇప్పేయి మావా. అది నీకు బాగోలేదు.”

“నా వల్ల కాలేదే నూకాలూ.”

“నీ వల్ల కాలేదు సరే. మన వల్ల కాలేదని ఎవులు సెప్పేరు? ఇనపసెయ్యి కావాలని ఊరంతా సెప్పుకున్నావు. పెళ్లాం సెయ్యి ముట్టుకుంటే తప్పొచ్చిందేటి?”

పైడిసూరి తలవంచుకొనెను. చక్రముల నడుమ చేయి నలిగిననాడు కూడ వాడు అంత దీనముగా తలవంచలేదు. చేయి పోయినది మొదలు ఎవరి సాయమును కోరను ఎవరికిని బరువు కాను అని మనసులో పెట్టుకొన్న పంతము తన యింటిమనిషినే పరాయిదానిని చేసినదని వానికి తెలిసివచ్చెను. తెలిసివచ్చి సిగ్గుపడెను. కోటు విప్పెను.

నూకాలు తడవు చేయలేదు. గోగుతోట కోసిన పిమ్మట గట్లపై కుప్పలుగా మిగిలిన లేతచివుళ్లను ఒడినిండ ఏరి తెచ్చి కుండలో నుడికించెను. పులుపుకంపు పేటయంతయు క్రమ్మెను.

“ఇనపమూకుట్లో గోంగూరొండితే కూర నల్లబడతాది, మూకుడు తెల్లబడతాది. మా యమ్మ సేత తన్నులు తిన్నాను గాబట్టి నాకు తెలుసు. ఆ తుప్పు తినే ఆకే ఇది.”

వైసును నిట్రాటనుండి విప్పి ఇద్దఱును కలిసి యెత్తి గోలెములో దింపిరి. అది వాడు ఆమెను చేయివేయనిచ్చిన మొదటిసారి. ఆ పులుసును దానిపై గ్రుమ్మరించి మునుగునట్లు చేసి యాదివారమువఱకు నాననిచ్చిరి. కవులు మెచ్చని యా పచ్చనిపులుసు ఎఱ్ఱబడెను తరువాత నల్లబడెను. చేయి పెట్టి తడవగా పెచ్చులుపెచ్చులుగా తుప్పు ఊడివచ్చెను.

ఆదివారము ఉదయమున పెరటిలో పాతిన రోటికి వైసును గోగుత్రాళ్లతో కదలకుండ బంధించిరి. నార తీసిన గోగుపుల్లలను దాని మరచుట్టును పేర్చి నిప్పు పెట్టిరి. ఆ పుల్లలు భగ్గున మండి భగ్గుననే చల్లాఱునవి గావున నూకాలు మోపుపై మోపు విసరుచుండగా ఇనుము కాగి పొగ విడిచెను. పైడిసూరి కాగిన యినుముపై ఆముదము చిలికించెను. అది చిటపటలాడుచు మరపండ్ల నడుమకు దిగెను. అప్పుడు వంకరబోయిన యా గంటకడ్డీ యొక కొనను గోనెపట్టతో భార్య పట్టుకొనెను. రెండవ కొనను భర్త పట్టుకొనెను. ఒకరు లాగగా నొకరు త్రోసిరి. ఏమియు కాలేదు. మఱల లాగిరి. రోలు కదలలేదు త్రాళ్లు తెగలేదు. లోపలెక్కడనో కిఱ్ఱుమని యొక చిన్న సవ్వడి పుట్టెను.

“మావా, కదిలింది.”

“సెయ్యి ఒగ్గకు. లాగు.”

ఆ సవ్వడి పెద్దదయ్యెను. కడ్డీ పావుచుట్టు తిరిగెను తరువాత అరచుట్టు తిరిగెను. ఏండ్లతరబడి మూతబడిన దవడలు నెమ్మదిగా విడివడెను. వాని నడుమనుండి యెవడో మఱచిన యా తుప్పుకడ్డీ జాఱి రోటియొద్ద ఠంగున పడెను. పైడిసూరి నేలపై చతికిలబడి నవ్వుచు నేడ్చెను. నూకాలు అల్లము నూరవలసిన రోటికి త్రాళ్లు బిగించినందుకు విసుగుకొన్నట్లు నటించుచు మొగము అటు త్రిప్పుకొని కన్నులు తుడుచుకొనెను.

మధ్యాహ్నమువఱకు ప్రొద్దు ఇసుకతో తోముటలోను ఆముదము పూయుటలోను గడచెను. మరను విప్పి చూడగా లోపలిపండ్లు ఒక్కటియు చెడలేదు. పైన నెంత తుప్పున్నను లోన నిగనిగలాడుచుండెను. దవడల పలకలపై అరిగిన గీతలను ఉలితో మఱల చెక్కిరి. ఆమె పట్టగా వాడు కొట్టెను. వీధివైపు చూరుక్రింద చింతదిమ్మపై దానిని బోల్టులతో బిగించిరి. వంగిన గంటకడ్డీ రంధ్రమునుండి రాలేదు గావున అదియే దానికి పిడియై నిలిచెను. వంకరదే గాని చక్కగా తిరిగెను.

మిల్లువారి కడ్డీ పోయినది. వారి ఋణము తీర్పవలెను. పైడిసూరి దవడలనుండి రాలిన యా పాతకడ్డీని తీసికొని మఱల వైసునోటనే పెట్టి పిడి త్రిప్పెను. వైసు కఱచిపట్టెను. వాడు ఆకురాయి నెత్తి ఒక్క త్రోపు త్రోసెను. కడ్డీ యిసుమంతయు కదలలేదు. చేయి పోయిననాటినుండి వాని యాకురాయిక్రింద నొక వస్తువు స్థిరముగా నిలుచుట అదే ప్రథమము. వాడు క్షణకాలము ఆగి యా పట్టును చూచి పిదప పొద్దువ్రాలువఱకు తల యెత్తలేదు.

సోమవారము నాడు నారమిల్లు ద్వారమునొద్ద కూలీలు గుంపులుగట్టి నిలిచియుండిరి. ప్రొద్దు పొడిచి చాలసేపయ్యెను. గంట మ్రోగలేదు. గుమస్తా రాతితో కొట్టిన దెబ్బలు వినబడలేదని యెవ్వరును లోనికి పోరైరి. వినబడినను పోరైరని మఱికొందఱందురు. అప్పుడు స్టూలు నెత్తిపై పెట్టుకొని నూకాలును మడిచిన కోటును చంకన బెట్టుకొని పైడిసూరియు వచ్చుచుండుట చూచి పట్నాయకులవారి మొగము వికసించెను.

“వచ్చావా సూరీ. మంచి పని చేశావు. కూర్చో.”

నూకాలు స్టూలును ద్వారమునొద్ద దించెను. పైడిసూరి కోటును దానిపై పెట్టెను. కోటుపై నొక కడ్డీని పెట్టెను. అది మిల్లువారిచ్చిన కడ్డీ కాదు. నిడుపుగా నునుపుగా మెఱయుచు కొన గుండ్రముగ తీర్పబడియుండెను. పట్నాయకులవారు దానిని చేతదీసికొని యటునిటు త్రిప్పి చూచి “ఎవరు చేశారు” అని యడిగిరి.

“వైసు నోరిప్పిందండి. మీ కడ్డీ దానికి పిడైపోయింది. బదులిది తెచ్చినాను.”

“చాలా బాగుంది. ఒక్కచేత్తో చేశావా?”

పైడిసూరి భార్యవంక చూచెను. “కాదండి. సెయ్యికేటీ కొదవ లేదండి నాకు. సేసినోడు మాత్రం ఈ స్టూలు మీద కూకోడండి.”

ఇట్లు పలికి నమస్కరించి వెనుదిరిగెను. ఒక్కచేతి నమస్కారము వంకరగనే యుండును గాని దానిలో లోటేమియు కానరాలేదు. కూలీలు త్రోవ యిచ్చిరి. ప్రొద్దెక్కుచుండెను. స్టూలు ఖాళీగా నుండెను. మఱి గత్యంతరము లేక జగన్నాథ పట్నాయకులవారు తామే చొక్కాచేతులు మడుచుకొని యా క్రొత్తకడ్డీతో రైలుపట్టాను కొట్టిరి. ఆ మ్రోత చంపావతి యావలిగట్టువఱకు ఖంగున వినబడెను.

నేడును నారపేటలో గోగుబండ్ల యిరుసుచీలలకును తాళములకును సైకిళ్లకును మరమ్మతు కావలసినవారు ఆ చూరుక్రిందికే వత్తురు. వైసు మరకు ప్రతిదినము ఆముదము పూయునది నూకాలు. పోయిన చేయి మఱల మొలవదు. తుప్పు తిన్న యినుము మఱల క్రొత్తది కాదు. అయినను పట్టు మిగిలినంతకాలము పని మిగిలియే యుండును. గంటగంటకును మిల్లు ద్వారమునుండి పైడిసూరి చేసిన కడ్డీ మ్రోగుచుండును. వేయిచేతులు దిగును వేయిచేతులు విడుచును. వంకరపిడి త్రిప్పి బిగించి యాకురాయి పట్టిన యా ఫిట్టరు మాత్రము ఆ మ్రోతకు తల యెత్తి చూడడు.