నేను రాసిన వయసు

వయసు రాయడంలో నన్ను మించినవాడు మా మండలాఫీసులో లేడని ఒకప్పుడు మహా గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పుట్టిన తేదీలు లేని ఊళ్లు మావి. పళ్లు, జుట్టు, నడక చూసి ఓ అంకె వేసేస్తే పనైపోయేది. నా పుట్టినరోజూ అలాంటిదే. పెనుబల్లి దగ్గర మా తండా బడిలో పంతులుగారు కోటేష్ అనే నా పేరు పక్కన జూన్ ఒకటి అని రాసేశారు. ఆ సంగతి తెలిసుండీ నేను చేసిన పని ఇది.

2006 ఎండాకాలంలో ముసలివాళ్ల పింఛన్లకు సర్వే పెట్టారు. కొత్తగూడెం దాటి, అడవిలో ఉన్న ఒక కోయగూడేనికి వెళ్లాను. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. జనమంతా కల్లం దగ్గర, అంటే ఆకు కట్టలు అప్పజెప్పే చోట ఉన్నారు. ఇంటింటికీ తిరగడానికి బద్ధకించి అక్కడే కుర్చీ వేయించుకున్నాను.

ఆదెమ్మ వంతు వచ్చింది. ఒంటరి మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి, వేళ్లు వంకర్లు తిరిగాయి. డెబ్బైకి తక్కువ ఉండదని చూడగానే తెలిసింది. అయినా అందరి ముందూ నువ్వు ముసలిదానివేనా అని అడిగేశాను. ఆమె తల దించుకుంది. ఊరిపెద్ద పగిడయ్యకు కోపం వచ్చింది.

"ముసలిదేంది సారూ? పొద్దుగాల్నే అడివికి పోతది, ఆకు తెస్తది. నడీడు మనిషి."

అక్కడి లెక్క అది. అడవికి పోయొచ్చే మనిషిని ముసలిదంటే పనికిరానిదని తిట్టినట్టు. పైగా కల్లం గుమాస్తా పక్కనే ఉన్నాడు. ఆ మాట చెవిన పడితే మర్నాడు ఆమె కట్టలకు వంక పెడతాడు. ఆదెమ్మ కూడా అవ్, నడీడే అంది. ఆమెను పక్కకు పిలిచి అడగాల్సింది. ఎండ మండిపోతోంది, బస్సుకు వేళవుతోంది. యాభై అని రాసి వేలిముద్ర తీసుకున్నాను.

రెండేళ్లకు ఆదెమ్మ ఆఫీసుకు వచ్చింది. కళ్లకు పొర కమ్మింది. ఏ ఆకు ఏదో పోల్చుకోలేక అడవికి పోవడం మానేసిందట. పింఛను రాకపోతే ఇక పొయ్యి వెలగదు. గూడెమంతా ఇప్పుడామెను ముసలిదే అంటోంది. నా బల్ల పట్టుకుని, పదిమంది వింటుండగా, "ముసలిదాన్నయిన సారూ, రాసుకో," అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత చిన్నబోయిందో నాకు తెలుసు.

రిజిస్టరు తీశాను. నా లెక్కన ఆమెకు యాభై రెండు. పింఛనుకు అరవై అయిదు నిండాలి. తప్పు నాదేనని రాసిస్తే వయసు దిద్దవచ్చు. కానీ నాకు మెమో వస్తుంది, ప్రమోషన్ ఆగుతుంది. ఖానాపురం హవేలిలో ఇల్లు అప్పుడే మొదలుపెట్టాను. పైవాళ్లు అట్లా రాసుకున్నారనీ, నా చేతిలో ఏమీ లేదనీ చెప్పాను.

"ఇంకెన్నేండ్లు ఆగాలె?"

"పదమూడేండ్లు."

ఆమె బల్ల మీద తడుముతూ నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

"నీదేం తప్పు లేదు బిడ్డా. ఆనాడు నేనే గట్ల చెప్పిన."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు.

"అవ్ అవ్వా, నువ్వే చెప్పినవ్," అన్నాను.