జోస్యం చెప్పాక ఏం జరిగింది?

"ఆ జోస్యం ముక్క కాస్త సరిచేసిపెట్టు ఊల్యా. నీకెంత, అరగంట పని," అన్నాడు ఎర్కెబులాన్, పిండి చల్లిన బల్ల మీదే లాప్‌టాప్ పెడుతూ. ఉల్‌తువార్ చేతులు మణికట్టు దాకా పిండిలోనే ఉన్నాయి. పక్కన అత్తగారు ఆవిరి మీద ఉడికించే మాంతీ కుడుముల్లోకి గొర్రెమాంసం కూరుతోంది. కథలు తర్వాత ఉడుకుతాయిలే కెలిన్, ముందు ఇవి ఉడకనీ అంది. కెలిన్ అంటే కోడలు. ఈ ఇంట్లో ఆమెకి అదే పేరు. మొగుడికేమో ఊల్యా. అసలు పేరుతో పిలిచేవాళ్ళు అల్మాతీ నగరం మొత్తంలో ఎవరూ లేరు.

సంగతేమిటంటే, ఎర్కెబులాన్ తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమాని నిన్న కొందరికి వేసి చూపించారు. ఓ ముసలామె గొర్రెలకాపరి కొడుకు నుదురు తాకి "లోకాన్ని కాపాడేవాడివి నువ్వే" అంటుంది. అక్కడ జనం కళ్ళు తుడుచుకోవాలి. ఘొల్లున నవ్వారు. ఆ సీను మార్చకపోతే విడుదల లేదని నిర్మాత తేల్చేశాడు. సినిమా అంతా ఉల్‌తువార్ రాసింది, ఆ ఒక్క సీను మాత్రం ఆయనగారు ముచ్చటపడి రాసుకున్నాడు. ముందటి రెండు సినిమాలూ ఈ వంటింట్లోనే పుట్టాయి. తెర మీద మాత్రం అతని పేరే పడింది. మొదటిసారి అడిగితే "మనలో మనకి నీదీ నాదీ ఏమిటి?" అన్నాడు. రెండోసారి ఆమె అడగలేదు. ఈసారీ పడకపోతే ఇక తన పేరు ఎప్పటికీ పడదని ఆమెకి తెలుసు.

ఇలాంటి సైన్స్ ఫిక్షన్ సినిమాలంటే ఆమెకి ప్రాణం. రాత్రిపూట మేడెక్కితే దూరాన ఎగిరే రాకెట్టు వెలుగు కనబడే కిజిలోర్దా ఊళ్ళో పెరిగింది మరి. ఎవరికీ పట్టని అనామకుడి దగ్గరికి చుక్కల్లోంచి ఎవరో దిగివచ్చి, నీ కోసమే చూస్తున్నాం అనడం ఎంత గొప్ప ఊహ! ఆ మాట వినబడితే ఇప్పటికీ ఆమె చేతిలో పని వదిలేసి తెర ముందు కూచుంటుంది. ఎన్ని వంకలైనా పెట్టండి, మనిషిలో అంత ఆశ పుట్టించే కథలు ఇంకేవున్నాయి? ఆమె బాధల్లా ఒకటే. జోస్యం చెప్పించేసి రాసేవాళ్ళు చేతులు దులుపుకుంటారు. జోస్యం విత్తనం కదా, దాన్నే పంట అని చూపిస్తే ఎలా? ఆ కుర్రాడు ఏమీ నేర్చుకోడు, ఏదీ పోగొట్టుకోడు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ముసలామె చెప్పాల్సింది చెప్పి చచ్చిపోతుంది. అంతవరకూ ఏం తిన్నది, ఏం చేసింది, ఆ మాట మోస్తూ ఎలా బతికింది, ఒక్కడూ అడగడు.

అలాంటి కుర్రాడు ఆమె పుట్టింట్లోనే ఉన్నాడు. వరసగా ముగ్గురు ఆడపిల్లల తర్వాత తనూ ఆడపిల్లే అయ్యేసరికి నాయనమ్మ ఉల్‌తువార్ అని పేరు పెట్టింది. 'కొడుకు పుడతాడు' అని అర్థం. బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా రాబోయే తమ్ముడికి దండోరా వేసినట్టుండేది. వాడు రానే వచ్చాడు. పేరు తిలెగెన్, అంటే కోరుకున్నవాడు. మంచివాడే పాపం. కానీ వాణ్ణి ఎవరూ ఏదీ నేర్చుకోమనలేదు, పుట్టడంతోనే వాడి పని అయిపోయింది. ఇప్పటికీ చొక్కా గుండీ ఊడితే అక్కకి ఫోన్ చేస్తాడు. వాడి మీద ఆమెకి కోపం రాదు, జాలేస్తుంది.

చేతులు కడుక్కుని కూచుంది. సినిమాలో ముసలామెకి తన పేరులాంటి పేరే పెట్టింది, 'వాడు వస్తాడు' అని. వాడు వచ్చేదాకా లోకాన్ని కాపాడే ఆకాశ నౌకని ఎవరో ఒకరు నడపాలిగా? కుర్రాడు వచ్చి, నేనేం చెయ్యాలి అని అడుగుతాడు. "ముందు ఇలా కూచో బాబూ, నడపడం నేర్పుతాను. నీ కోసం చూసీ చూసీ నేనే నేర్చేసుకున్నాను," అంటుంది ముసలామె. రాస్తూ రాస్తూ ఉల్‌తువార్ ఏడ్చేసింది. ఆ ముసలామె మీద తనకి అంత గౌరవం కలిగింది.

ఎర్కెబులాన్ నిలబడే చదివాడు. అబ్బ, ఎంత బాగా రాశావు అన్నాడు, మనస్ఫూర్తిగానే. తర్వాత నవ్వాడు. "పేరొక్కటే నమ్మబుద్ధి కావట్లేదు. పుట్టబోయే మగాడి కోసం ఆడపిల్లకి అలాంటి పేరు ఎవరు పెడతారు?"

అత్తగారి చెయ్యి మాంతీ మీద ఆగిపోయింది. "నా పేరేమిట్రా?" అంది కొడుకుతో.

"అదేమిటమ్మా, ఉల్మెకెన్."

"అంటే?"

అతను లాప్‌టాప్ వైపు తిరిగాడు. 'మగపిల్లాడేనా?' అని దాని అర్థం.

"మా అమ్మ నన్ను చూసి అడిగిన మొదటి మాట అది. ఈ వయసు దాకా నన్ను అలాగే పిలుస్తున్నారు. నేను ప్రశ్నని, ఈ కెలిన్ జవాబు. మా ఇద్దరి మధ్యా నిలబడి, అలాంటి పేర్లు ఉంటాయా అంటున్నావు," అంది ఆవిడ.

అతని మొహం ఎర్రబడింది. సరే, ఆ పేరు ఉంచుదాం, ఇలా ఇవ్వు పంపించేస్తాను అని చెయ్యి చాపాడు. ఉల్‌తువార్ ఇవ్వలేదు. మొదటి పేజీ తెరిచింది. రచన అన్నచోట అతని పేరు చెరిపి, తన పేరు పూర్తిగా కొట్టి, నిర్మాతకి తనే పంపింది.

"రచన, కొడుకు పుడతాడు... అని చదువుకుంటారు జనం," అన్నాడు ఎర్కెబులాన్, నవ్వించబోయి.

"చదువుకోనీ," అంది ఉల్‌తువార్. "రాసింది కూతురని తెలుస్తుంది."